కార్వేటినగరపు చెఱువుల వ్యాజ్యము – కట్ట యజమానుని ధర్మము



కార్వేటినగర మనఁగానే సాహిత్యప్రియులకు సారంగపాణి పదములును, వేణుగోపాలస్వామి సన్నిధియు స్ఫురించును. ఆ సంస్థానమునకు వేఱొక ప్రసిద్ధియుఁ గలదు. అది మనవారిలోఁ గొలఁదిమందికి మాత్రమే తెలియును. సుమారు నూటయేఁబది యేండ్లకుఁ బూర్వము ఆ జమీనునందలి రెండు చెఱువులు వరదకుఁ దెగి, వాని నీరు రైలుమార్గముపైఁ బడి నష్టము కలిగించెను. రైలుకంపెనీవారు జమీందారుపై వ్యాజ్యము తెచ్చిరి. ఆ వ్యాజ్యము మదరాసు హైకోర్టును దాఁటి, సముద్రములు దాఁటి, లండను నగరమందలి ప్రీవీ కౌన్సిలు సన్నిధికిఁ బోయి, 1874-వ సంవత్సరమునఁ దీర్మానింపఁబడెను. ఆ తీర్పును న్యాయశాస్త్ర విద్యార్థులు నేఁటికిని జదువుచున్నారు. చెఱువుక్రింద బ్రదికిన కుటుంబములవారమైన మనము మాత్రము దానిని జదువవలసినంతగాఁ జదువలేదు.

ఒకని సొంత కట్ట తెగి పొరుగువానికి నష్టము కలిగినచో బాధ్యుఁ డెవఁడు? ఇది మొదటి ప్రశ్న. కట్ట తెగకమునుపే దానిని జూచి సరిచేయవలసినవాఁ డెవఁడు? ఇది రెండవ ప్రశ్న. కోర్టులు మొదటి ప్రశ్నకే సమాధానము చెప్పఁగలవు. ప్రాణములు నిలుపునది రెండవ ప్రశ్న. కార్వేటినగరపు తీర్పును నిదానముగాఁ బరిశీలించినచో, ఆ రెండును ఒకదాని నొకటి వీడి యుండఁజాలవని తేలును. దీనిని నిరూపించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

కట్ట స్వభావము

చెఱువుకట్ట మిక్కిలి సులభమైన నిర్మాణమువలెఁ గనఁబడును. రెండు మిట్టల నడుమ మట్టి పోసి, లోపలివైపున అలలతాఁకిడి కోర్చునట్లు రాతికట్టు పేర్చి, పొలములకు నీరిచ్చుటకుఁ దూము నమర్చి, మిగులు నీరు పోవుటకు ఒక కొనయందు అలుగు కట్టినచోఁ జెఱువు పూర్తియైనట్లే. అలుగునే నెల్లూరిసీమలోను రాయలసీమలోను కలుజు అనియు, తెలంగాణమున మత్తడి యనియుఁ బిలుతురు. కట్ట, రాతికట్టు, తూము, అలుగు అను నీ నాలుగంగములలో నేది చెడినను దక్కిన మూఁడును నిష్ప్రయోజనము లగును.

నదులపైఁ గట్టిన రాతి ఆనకట్టలు నీరు పొర్లుటకే కట్టఁబడినవి. మట్టికట్ట యట్టిది కాదు. దాని వీఁపుమీఁదుగా నీరు జానెడెత్తు పొర్లినను, వెలుపలి వాలు కోసికొనిపోయి, ఆ కోఁత కాలువయై, ఆ కాలువ గండి యగును. గండి పడిన పిదప మనుష్యప్రయత్నము పనికిరాదు. కాఁబట్టి అలుగు చాలినంత వెడల్పుగా నుండవలెను. అలుగు మట్టమునకును కట్ట వీఁపునకును దగినంత యెడముండవలెను. కట్ట యేఁటేఁట కొంత కుంగును. బండ్లును పశువులును దాఁటుచోట మఱింత కుంగును. నీరు మొట్టమొదట పొర్లునది యట్టి పల్లమునందే. అలుగుమీఁద నిలువురాళ్లు నాఁటి, వానలభయము తీఱిన పిమ్మట వాని నడుమ మట్టియుఁ బచ్చికయు నింపి, కొంచెము నీరెక్కువ నిలుపుట పూర్వాచారము. వానలు తీఱకమునుపే దురాశచే నా పని చేసినచో, అలుగును మూసివేసినట్లే.

రెండవ యపాయము ఊట. కట్టయడుగున తేటనీరు సన్నగా నూఱుట యెల్లప్పుడును భయహేతువు కాదు. ఆ నీరు బురదరంగు తిరిగినప్పుడే గుండె బెదరవలెను. ఏలయన, నీటితోఁగూడ కట్టలోని మన్ను వెలికి వచ్చుచున్నదని దాని యర్థము. అట్లు మన్ను పోయినకొలఁది కట్టలో సొరంగమేర్పడి, వెలుపలినుండి లోపలికిఁ బ్రాఁకి, తుదకు చెఱువును జేరును. ఎలుకలు, పీతలు, చెదలు చేయు బొఱియలును, కట్టపై మొలచిన చెట్లు ఎండినపిదప వాని వేళ్లు మిగిల్చిన సందులును ఈ యపాయమునకుఁ ద్రోవ చూపును.

మూఁడవది తూము. మట్టియును రాయియుఁ గలియుచోట బిగువు తక్కువ కావున, తూము ప్రక్కనే నీరు దారి చేసికొనును. తూము పూడిపోయినచో నష్టము వేఱొక విధమునఁ గలుగును. కట్ట చెడుచున్నదని కంటితోఁ జూచియు, నీటిమట్టమును దింపు నుపాయము లేక చేతులు కట్టుకొని నిలువవలసివచ్చును.

ఇంతియ కాక మన సీమలలోని చెఱువులు గొలుసుకట్టుగా నుండును. ఎగువ చెఱువు అలుగునీరు దిగువ చెఱువును జేరును. ఎగువకట్ట తెగినచో, ఆ నీరంతయు నొక్కపెట్టున వచ్చి దిగువకట్టపైఁ బడును. ఎగువవాని యజాగ్రత్త యీ విధముగా దిగువవాని పాలిటి ప్రళయ మగుచున్నది. కట్ట యెంత చిన్నదైనను అది యజమానుని సొంత వ్యవహారము మాత్రమే కాదనుట కింతకంటె నిదర్శనము వేఱు కావలెనా?

పూర్వుల యేర్పాటు

మనవారు తటాకనిర్మాణమును సప్తసంతానములలో నొకటిగా నెన్నిరి. పుణ్యమునకై త్రవ్వించిరని చెప్పి యూరకున్నచో వారి బుద్ధిసూక్ష్మతకు న్యాయము చేసినవారము కాము. కడపమండలమందలి పోరుమామిళ్లలో క్రీ. శ. 1369-వ సంవత్సరపు శాసన మొకటి కలదు. విజయనగరపు బుక్కరాయల కుమారుఁడును ఉదయగిరిరాజ్యపాలకుఁడును నైన భాస్కరుఁడు, భవదూరుఁ డను నామాంతరము గలవాఁడు, అచట చెఱువు కట్టించిన వృత్తాంతము దానియందున్నది. దినమునకు వేయిమంది కూలీలు, రాళ్లు తోలుటకు నూఱు బండ్లు, రెండేండ్ల పని యని యా శాసనము లెక్క చెప్పుచున్నది.

అంతకంటె విలువైనది దానియందలి శాస్త్రభాగము. మంచి చెఱువునకు వలసిన పండ్రెండు సాధనములను, ఆఱు దోషములను నది పేర్కొనుచున్నది. జలశాస్త్ర మెఱిఁగిన పండితుఁడు, గట్టిమన్నుగల నేల, దూరమునుండి వచ్చు తియ్యని నీటియేఱు, కట్ట రెండు కొనలను గొండకుఁ జేర్చుట, మిక్కిలి పొడవుగాక దృఢమైన రాతికట్టు గల సేతువు, విశాలమై లోఁతైన గర్భము, దగ్గఱ రాతిగని, నేర్పరులైన పనివారు మున్నగునవి సాధనములు. దోషములలో మొట్టమొదటిది కట్టనుండి నీరూఱుట. నేఁటి యింజనీర్లు మట్టికట్టల పతనమునకుఁ జెప్పు ముఖ్యకారణములలో నొకదానిని ఆఱున్నఱ శతాబ్దుల క్రిందటనే మనవారు దోషములపట్టికకుఁ దలమానికముగా నుంచిరి. ఉప్పునేల, చెఱువునడుమ మిట్ట, నీటికిని నేలకును బొంతన లేకుండుట తక్కిన దోషములలోనివి. వీనియందు మూఁడవదిగాఁ జెప్పఁబడినది రెండు రాజ్యముల పొలిమేరయందు చెఱువుండుట. ఇది మట్టికిని రాతికిని సంబంధించిన దోషము కాదు, పాలనకు సంబంధించినది. ఇద్దఱిది యైన కట్టను ఇద్దఱును జూడకుండుటయే లోకస్వభావము. చూచువాఁ డెవఁడో నిశ్చయముగాఁ దెలియని చెఱువు, మన్ను ఎంత మంచిదైనను, దోషయుక్తమే యని మన పూర్వుల సిద్ధాంతము.

ఈ సిద్ధాంతమునకుఁ దగిన యేర్పాటునే వారు చేసిరి. దశబంధ మను మాన్యమును రాయలసీమవారును నెల్లూరివారును వినియే యుందురు. స్వద్రవ్యముతోఁ జెఱువు కట్టినవానికిఁగాని, తెగిన చెఱువు బాగుచేసినవానికిఁగాని, దానిని దరతరములు కాపాడు షరతుపై ఆయకట్టునందుఁ గొంత యీయఁబడుచుండెను. నిర్ణీతమైన పొలమునే యిచ్చినచో ఖండదశబంధ మనియు, ఆదాయమునందు భాగమిచ్చినచో షామిలాతు దశబంధ మనియు వ్యవహారము. భూమి యనుభవించువాఁడు కట్టను జూడవలెను. కట్ట చూడనివానికి భూమిపై హక్కు నిలువదు. అట్లు హక్కును ధర్మమును ఒకే త్రాటితో ముడివైచిరి. దీనికిఁ దోడు, చెఱువుక్రింది రైతులందఱును గట్ట మరమ్మతునకు మనిషి నంపవలసిన కుడిమరామత్తు అను నాచారముండెను. నీరటివాఁడు రేయింబవళ్లు నీటిమట్టము చూచి గ్రామమునకుఁ దెలుపుచుండెను. యజమానుఁడు, ఆయకట్టుదారుఁడు, కావలివాఁడు ఈ మువ్వుర కన్నులును గట్టమీఁద నుండెను.

ఇంగ్లీషువారి కాలమున ఈ యాచారము సడలుచుండఁగా, దానికి శాసనబల మిచ్చుటకై 1858-వ సంవత్సరపు మొదటి చట్టము పుట్టెను. కట్ట తెగు నపాయము కలిగినప్పుడు గ్రామస్థులను నిర్బంధముగాఁ బనికిఁ బిలుచుటకును, ఆచారసిద్ధమైన మరమ్మతుపనిని జేయించుటకును మదరాసు రాజధానియందు ఆ చట్ట మధికార మొసఁగెను.

రెండు వ్యాజ్యములు

ఇఁక ప్రకృతమునకు వత్తము. కార్వేటినగరపు చెఱువులు తెగుటకుఁ గొన్నియేండ్లకు ముందు ఇంగ్లండునందు వేఱొక చెఱువు తెగెను. లాంకషైరు మండలమున జాను రైలాండ్సు అను మిల్లు యజమానుఁడు తన మిల్లునకు నీటికై 1860-వ సంవత్సరప్రాంతమునఁ జిన్న చెఱువొకటి త్రవ్వించెను. ఆ నేల క్రింద పాడువడిన గనిగోతు లుండెను. పని చేయించిన కంట్రాక్టరు వానిని సరిగాఁ బూడ్చలేదు. నీరు నిండఁగానే యా గోతులగుండ దిగి, పొరుగున ఫ్లెచరు అనువాని బొగ్గుగనిని ముంచివేసెను. రైలాండ్సు స్వయముగా నే యజాగ్రత్తయు జేసినవాఁడు కాఁడు. అయినను, బయటఁ బడినచో నపాయకరమగు వస్తువును తన ప్రయోజనమునకై తన నేలపైకిఁ దెచ్చి నిలుపుకొన్నవాఁడు, దానివలనఁ గలుగు నష్టమునకుఁ దానే బాధ్యుఁడని 1868-వ సంవత్సరమున ఇంగ్లండుయొక్క ప్రభువులసభ తీర్మానించెను.

ఈ సూత్రమునే మదరాసు రైలుకంపెనీవారు కార్వేటినగరపు జమీందారుపైఁ బ్రయోగించిరి. నీరు నిలుపుకొన్నవాఁడు జమీందారు. ఆ నీరు బయటఁ బడి మాకు నష్టము కలిగించినది. కాఁబట్టి జమీందారే యీయవలెనని వారి వాదము. చూడఁగా నది నిరాక్షేపణీయముగానే తోఁచును. కాని మన దేశమునందలి కోర్టులు దాని నంగీకరింపలేదు. ప్రీవీ కౌన్సిలువారును అంగీకరింపలేదు.

వారి హేతువులు మనము మనస్సునందు నిలుపుకొనఁదగినవి. ఈ చెఱువులు జమీందారు తన సుఖమునకై తెచ్చిపెట్టుకొన్నవి కావు, అవి ప్రాచీనములు, దేశమంతటి నీటిపాఱుదలవ్యవస్థలో భాగములు, అసంఖ్యాకులైన జనులు వానివలన బ్రదుకుచున్నారు. వీనిని నిలుపుట మొదట రాజుయొక్క ధర్మమై, పిదప భూమితోఁగూడ జమీందారునకు సంక్రమించినది. చెఱువును దీసివేయుటకు నతనికి హక్కు లేదు. దానిని రక్షించుటయు మరమ్మతు చేయుటయు నతనికి విధి. అట్టివాఁడు, చట్టముచే నొక ప్రజాకార్యమున నియమింపఁబడినవానివంటివాఁడే కాని రైలాండ్సువంటివాఁడు కాఁడు. కాఁబట్టి అజాగ్రత్త నిరూపింపఁబడిననే యతఁడు బాధ్యుఁడు. వచ్చినది యసాధారణమైన వరద. జమీందారును అతని నౌకరులును దగిన జాగ్రత్తలన్నియుఁ దీసికొనిరని క్రింది న్యాయస్థానములు నిర్ణయించియుండెను. అందుచే వ్యాజ్యము కొట్టివేయఁబడెను.

ఈ తీర్పును విన్నవారు కొందఱు, కట్టయజమానునకు మినహాయింపు లభించినదని మాత్రమే తలంతురు. ఇది పొరపాటు. ఆ మినహాయింపు ఊరక వచ్చినది కాదు. విధిని నెఱవేర్చుట దాని మూల్యము. జమీందారు గెలిచినది ధనవంతుఁ డగుటచేఁ గాదు, చెఱువు పాతది యగుటచే మాత్రమే కాదు. కట్టను దాను జూచుకొంటినని రుజువు గలవాఁ డగుటచే. ఆ రుజువు లేకున్నచో, తీర్పులోని మాటలే యతనిపైకిఁ దిరిగియుండెడివి.

ధర్మము విడిచిన యాజమాన్యము

హక్కు నిలిచి ధర్మము తెగిపోయినచో నేమగునో, అదే శతాబ్దమునందు అమెరికాదేశమున వెల్లడియైనది. ఆ కట్ట మన కుంటలకంటె మిగులఁ బెద్దది; అయినను దానిని జెఱచిన తప్పులు చిన్న కట్టలకును సామాన్యములే.

పెన్సిల్వేనియా రాష్ట్రమునందు సౌత్‌ఫోర్కు అనుచోట, పడవకాలువకు నీరిచ్చుటకై ప్రభుత్వమువారు మట్టికట్ట నొకదానిని గట్టించి 1853-వ సంవత్సరమునఁ బూర్తిచేసిరి. దాని యెత్తు 72 అడుగులు. అడుగున నీరు విడుచుటకు ఐదు ఇనుపగొట్టము లుండెను. ప్రక్కను బండలోఁ దొలిచిన యలుగుండెను. రైళ్లు వచ్చుటతోఁ గాలువ పనికిరానిదయ్యెను. కట్ట చేతులు మాఱుచుఁ బోయెను. 1862-వ సంవత్సరమున నొకమాఱు తెగెను. తరువాతి యజమానులలో నొకఁడు అడుగుగొట్టములను బెఱికించి యినుమును అమ్ముకొనెను. 1879-వ సంవత్సరమున ధనికుల విహారసంఘ మొకటి దానిని స్వాధీనము చేసికొనెను. వారు గండిని బూడ్చించిరి కాని తూములను మరల నమర్పలేదు. బండ్లు పోవుటకు వీలుగా కట్ట వీఁపును గొంత తగ్గించిరి. చెఱువులోని చేఁపలు పోకుండ అలుగునకు ఇనుపతెరలు కట్టించిరి. తూము లేదు, అలుగు సగము మూయఁబడినది, వీఁపు తగ్గినది. మనము పైనఁ జెప్పుకొన్న దోషము లన్నియు నొక్కచోటఁ జేరినవి.

దిగువ 14 మైళ్ల దూరమున జాన్‌స్టౌను అను పట్టణముండెను. అచటి యినుపకార్ఖానాయొక్క యజమానుఁ డొకఁడు భయపడి, 1880-వ సంవత్సరమున తన యింజనీరును బంపి కట్టను జూపించెను. నీటిని దింపు సాధనము లేదనియు, కట్టనుండి యూట కనఁబడుచున్నదనియు ఆ యింజనీరు స్పష్టముగా వ్రాసెను. విహారసంఘమువారు దిగువవారికి భయము లేదని ప్రత్యుత్తర మిచ్చి యూరకుండిరి. ఆ పత్రమును బట్టి వారిచేఁ బని చేయించు నధికారము గలవాఁ డెవఁడును లేకపోయెను. 1889-వ సంవత్సరము మే 31-వ తేదీని భారీవర్షమునకు నీరు కట్టపైఁ బొర్లి కట్ట కొట్టుకొనిపోయెను. 2,209 మంది మరణించిరి. పిదప కోర్టులకుఁ బోయినవారెవరును ఆ విహారసంఘముపైఁ దీర్పు పొందలేకపోయిరి.

ఇందలి గుణపాఠము సూక్ష్మమైనది. చూచినవాఁడు లేకపోలేదు, దోషము కనిపెట్టకపోలేదు, అది కాగితముపై నెక్కకపోలేదు. చూచినదానిని జేయించు ధర్మబంధము మాత్రమే లేదు. మన దశబంధమునందుండి సౌత్‌ఫోర్కునందు లేని దదియే.

చట్టముల మేర

కార్వేటినగరము గెలిచినది నిజమే. అంతమాత్రమున జమీందారులందఱును దమ విధిని నెఱవేర్చిరని చెప్పుట సత్యమునకు దూరము. చెఱువులు పూడిపోయి మరమ్మతులు లేక రైతులు మొఱలిడుటచేతనే, 1908-వ సంవత్సరపు మదరాసు ఎస్టేటుభూముల చట్టమునందు, రైతులు కలెక్టరునకు అర్జీ పెట్టుకొని జమీందారుచేఁ జెఱువు మరమ్మతు చేయించుటకు మార్గ మేర్పఱుపఁబడెను. 1948-వ సంవత్సరమున ఎస్టేటుల రద్దు చట్టము వచ్చి, జమీనులతోఁగూడ వాని చెఱువులును బ్రభుత్వమునకుఁ జెందెను. తెలంగాణమున 1949-వ సంవత్సరమున జాగీరులు రద్దయ్యెను. ఈ మార్పు న్యాయమైనదే. దానిని గుఱించి మనకు విచారము లేదు. అయితే జమీందారుతో పాటు అతనికి భూమితో సంక్రమించిన రక్షణధర్మ మను భావమును బలువుర మనస్సులనుండి తొలఁగిపోయెను. కుడిమరామత్తు ఆచారము పెక్కుచోట్లఁ బేరు మాత్రమే మిగిలెను. నీరటివాఁ డరుదయ్యెను.

ఇంగ్లండునందు జరిగినది వేఱు. 1925-వ సంవత్సరము నవంబరు 2-వ తేదీ రాత్రి వేల్సునందు డాల్గారోగు అను గ్రామముపై రెండు జలాశయముల నీరు పడెను. అవి ఒక అల్యూమినియము కంపెనీవి. ఎగువది తెగి దిగువదానిని దెంపెను, దిగువది మట్టికట్ట. గొలుసుచెఱువుల గతియే యచటను బట్టినది. 16 మంది మరణించిరి. ఐదేండ్లలోపల, అనఁగా 1930-వ సంవత్సరమున, వారు చట్టము చేసిరి. నేలమట్టమునకుఁ బైన యేఁబది లక్షల గ్యాలనులకు మించి నీరు పట్టు జలాశయమును, అది యెవరిదైనను సరే, పదేండ్ల కొకమాఱు తప్పక అర్హుఁడైన యింజనీరుచేఁ బరీక్ష చేయింపవలె నని దాని విధి. సొంతదారుఁడే తన కట్టకుఁ బరీక్షకుఁడు కారాదనియు, పరీక్ష ఆపదకుఁ బిమ్మటఁ గాక ముందే జరుగవలెననియు దాని సారాంశము.

మన దేశమున ఆనకట్టల భద్రతకై యట్టి సమగ్రమైన శాసనము 2021-వ సంవత్సరము డిసెంబరునందు వచ్చెను. అంతకుఁ గొన్నివారముల ముందే, నవంబరు 19-వ తేదీని, పోరుమామిళ్ల యున్న కడపమండలమునందే, చెయ్యేటిపై నున్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట వరదకుఁ గొట్టుకొనిపోయి, దిగువ గ్రామములలోఁ బలువురు ప్రాణములు కోల్పోయిరి. అది ప్రభుత్వపు కట్ట, సొంతదారునిది కాదు. అయినను మట్టికట్టకు యజమానుఁ డెవఁడైనను వరద యొక్కటే యని యది తెలిపెను. క్రొత్త చట్టము యాజమాన్యభేదము చూడదు. ప్రభుత్వపుదైనను సొంతదారునిదైనను, యజమానుఁడు భద్రతావిభాగము నేర్పఱచి, వానకాలమునకు ముందును వెనుకను దప్పక పరీక్షింపవలె నని విధించుచున్నది. ఇది శ్లాఘనీయము. అయితే దాని చూపునకుఁ బరిమితి కలదు. 15 మీటరులకు మించిన యెత్తుగల కట్టలును, 10 మొదలు 15 మీటరుల వఱకుఁ గలవానిలోఁ బొడవుచేతఁగాని, పట్టు నీటిచేతఁగాని, వరదచేతఁగాని, పునాదిచేతఁగాని, నిర్మాణవిశేషముచేతఁగాని పేర్కొనఁబడినవియు మాత్రమే దానియందుఁ జేరును. పదిమీటరు లనఁగా సుమారు ముప్పదిమూఁ డడుగులు. అంతకుఁ దక్కువైన కుంట, చేఁపలచెఱువు, తోఁటలోని నీటిగుంట, మిల్లువారి జలాశయము ఇవి యాచట్టమునకు వెలుపల నున్నవి. మూఁడు మీటరుల కట్టయైనను, దాని క్రింద నిదురించు నింటివారికిఁ జిన్నది కాదు.

మన కర్తవ్యము

ఈ సంచికను జదువు మన కులబాంధవులలోఁ గొందఱకుఁ బట్టాభూములందుఁ గుంటలు కలవు. కొందఱకుఁ జేఁపలచెఱువులు కలవు. సంఘపోషకులైన శ్రీమంతులలోఁ గొందఱకు తోఁటలు, మిల్లులు కలవు. వారి యెదుట ఒక్క ప్రశ్న నుంచెదను. రేపు మీ కట్ట తెగి పొరుగువాని యిల్లు కూలినచో, కార్వేటినగరపు జమీందారు చూపినట్లు, తగిన జాగ్రత్తలన్నియుఁ దీసికొంటినని మీరు చూపఁగలరా? అతని చెఱువు దేశవ్యవస్థలో భాగమై విధిగా సంక్రమించినది. మీ చెఱువు మీరు మీ లాభమునకై తెచ్చిపెట్టుకొన్నది. న్యాయదృష్టిచే మీరు జమీందారుకంటె రైలాండ్సునకే దగ్గఱివారు. కాఁబట్టి మీ జాగ్రత్త యతని జాగ్రత్తకంటె నెక్కువ కావలెను.

దీనికై చేయవలసినది కష్టసాధ్యము కాదు. మృగశిర ప్రవేశింపకమునుపే కట్టపై నీ కొననుండి యా కొనవఱకుఁ గాలినడకను బోయి చూడవలెను. చిత్తూరు, నెల్లూరు, కడప సీమలవారు స్వాతి, విశాఖ కార్తెల వానలకు ముందు మరల నొకమాఱు చూడవలెను. కుంగినచోట మట్టి పోసి దిమ్మెసవేయవలెను. కట్టపైఁ జెట్లను బెద్దవి కానీయరాదు, బొఱియలను బూడ్చవలెను. తూము తలుపు ఎత్తి, దింపి, పనిచేయుచున్నదని కన్నులారఁ జూడవలెను. అలుగునందును దాని దిగువ కాలువయందును నేమియు నడ్డుండరాదు; అక్కడ ఇల్లుగాని, కంచెగాని, చేఁపలవలగాని యుండనీయరాదు. బురదయూట కనఁబడినచో నా క్షణమే దిగువవారికిఁ గబురంపి, నీరు దింపి, యింజనీరును బిలువవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, చూచినవారి పేరు, తేదీ, చూచినది, చేసినది ఒక పుస్తకమునందు వ్రాయవలెను. ఆ పుస్తకమే యజమానునకు రక్ష, దిగువవానికి ధైర్యము.

సంఘమువారికిని ఒక విన్నపము. సత్రములును విద్యార్థివసతిగృహములును స్థాపించుటయందు మన సంఘములు చూపిన యౌదార్యము లోకవిదితము. దానితోఁబాటు, ప్రతి మండలశాఖయుఁ దన పరిధిలో మనవారికిఁ గల చిన్న కట్టల పట్టిక నొకదానిని దయారుచేసి, విశ్రాంతి పొందిన యింజనీరులను బ్రతిమాలి, ఏఁటేఁట వానిని జూపింపవలెనని నా మనవి. పరీక్షకుఁడు కట్టయజమానునకు బంధువు కాకుండుట మేలు. చుట్టఱికము చూచినచోట ఊట కనఁబడదు.

పోరుమామిళ్ల శాసనము పొలిమేరచెఱువును దోషమని చెప్పెను. నేఁటి చిన్న కట్టలన్నియు నట్టి పొలిమేరయందే యున్నవి. ఒకవైపున మఱచిపోయిన ధర్మము, వేఱొకవైపున ఇంకను జేరని చట్టము. ఆ నడుమఁ గన్ను తెఱచి నిలువవలసినవాఁడు యజమానుఁడు. పుణ్యమునకై చెఱువు త్రవ్వించిన మన పెద్దల కీర్తి, త్రవ్వించిన దినముననే పూర్తికాలేదు; వారి వంశజులు కట్టమీఁద నడచి చూచుకొన్న ప్రతి సంవత్సరము కొంతకొంతగా సంపాదింపఁబడినది. ఆ కీర్తికి మనమును బాలివారము కావలెనని ప్రార్థించుచు, చెఱువులు నిండుఁగాక, కట్టలు నిలుచుఁగాక యని విరమించుచున్నాఁడను.